ముందు నెల, ఆ తరవాతే కొండ: నాలుగు హిమాలయ జాతీయ పార్కుల మధ్య ఎంపిక

హిమాలయాల్లోని రక్షిత ప్రాంతాలను చూడాలనుకునే మనవాళ్లలో చాలామంది ముందుగా ఫొటోలు చూసి చోటు ఖాయం చేసుకుంటారు, సెలవుల సంగతి ఆ తరవాత ఆలోచిస్తారు. ఈ వరసను తిరగేయాలని నా గట్టి అభిప్రాయం. నల్లమల లాంటి అడవి ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక తీరున చూడదగినదిగానే ఉంటుంది. చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తుకు పైన, మూడున్నర వేల మీటర్ల దగ్గర పరుచుకున్న పచ్చిక బయలు అలా ఉండదు. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్‌లో దాన్ని బుగ్యాల్ అంటారు, హిమాచల్‌లోని కుల్లూలో థాచ్ అంటారు. ఏడాదిలో దాదాపు సగం మంచు కిందే ఉండి, కరిగిన కొద్ది వారాలకే పూసి, సెప్టెంబరు వచ్చేసరికి గింజ కట్టి గోధుమరంగుకు తిరిగిపోతుంది. కాబట్టి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు సగం క్యాలెండర్లోనే ఉంటుంది.

మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి. ఉత్తరాఖండ్‌లోని పూల లోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) గేటును జూన్ 1న తెరుస్తారు, పూలు మాత్రం జులై మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా విరగబూస్తాయి. అంటే పిల్లలతో మే నెలలో బయల్దేరిన కుటుంబానికి ఆ లోయ మూసే ఉంటుంది, జూన్ మొదటి వారంలో వెళ్లినవారికి దారిలో గడ్డకట్టిన మంచూ, అక్కడక్కడ తొలి పూలూ తప్ప ఫొటోల్లో చూసిన దృశ్యం కనబడదు. దసరా సెలవుల్లో వెళ్లేవారికి లోయ తెరిచే ఉంటుంది కానీ పూలు అయిపోయి ఉంటాయి. ఇంత దూరం వెళ్లి నిరాశతో తిరిగొచ్చిన కుటుంబాలను చూశాను కాబట్టే ఈ పోలికను నెల దగ్గర మొదలుపెడుతున్నాను.

ఇక్కడ పోల్చుతున్నవి నాలుగు: ఉత్తరాఖండ్‌లోని పూల లోయ, హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ పార్కు, సిక్కింలోని కాంచన్‌జంగా పార్కు, లద్దాఖ్‌లోని హెమిస్ పార్కు. మొదటి మూడూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి.

ఏయే కొలతలతో చూడాలి

నెల తరవాత చూడవలసింది ఎత్తు. అందులోనూ మనం చేరుకునే ఎత్తు కంటే రాత్రి పడుకునే ఎత్తు ముఖ్యం. విజయవాడ దాదాపు సముద్రమట్టంలో ఉంది, హైదరాబాదు ఐదువందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, మన రెండు రాష్ట్రాల్లోని ఏ శిఖరమూ 1,700 మీటర్లను దాటదు. సిక్కింలో ట్రెక్ మొదలయ్యే యుక్సమ్ ఊరే 1,780 మీటర్ల ఎత్తులో ఉందంటే, మన కొండలు ముగిసిన చోట ఆ నడక మొదలవుతుందన్న మాట. మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడక ఎత్తు ఐదువందల మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవాలి. తలనొప్పి, వికారం, తిండి సహించకపోవడం కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. రోజూ పరిగెత్తే కుర్రవాడికి పలచని గాలివల్ల వచ్చే ఈ ఎత్తు జబ్బు రాదన్న నమ్మకం తప్పు. ఒంటి బలానికీ దీనికీ సంబంధం లేదు.

మూడో కొలత ఊరు నుంచి ఊరు చేరేదాకా పట్టే మొత్తం రోజులు. నాలుగోది గైడు, అనుమతుల వ్యవహారం. ఐదోది, అందరూ చివరికి వదిలేసేది, మీకు అసలు ఏది చూడాలని ఉందన్నది: పూలా, పక్షులా, మంచు శిఖరాలా, జంతువులా? ఒకే పార్కులో నాలుగూ ఒకేసారి దొరకవు.

| | పూల లోయ | గ్రేట్ హిమాలయన్ | కాంచన్‌జంగా | హెమిస్ |
|---|---|---|---|---|
| విస్తీర్ణం (చ.కి.మీ.) | 87.5 | 754 | 1,784 | సుమారు 4,400 |
| వారసత్వ జాబితాలో చేరిన ఏడాది | 2005 | 2014 | 2016 | లేదు |
| అనువైన నెలలు | జులై చివర నుంచి ఆగస్టు | ఏప్రిల్–జూన్, సెప్టెంబరు చివర–నవంబరు | ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు | నడకకు జూన్ చివర–సెప్టెంబరు. మంచు చిరుత కోసం జనవరి–మార్చి |
| రాత్రి పడక ఎత్తు (మీటర్లు) | సుమారు 3,050 | 2,000–3,100 (చిన్న నడకల్లో) | 4,000 దాకా, పైకి వెళ్తే ఇంకా ఎక్కువ | 3,500 నుంచి 4,700 పైన |
| కొండమీద రోజులు | 4 | 2 నుంచి 8 | 5 లేదా 8–10 | 5–7 |
| గైడు | తప్పనిసరి కాదు | స్థానిక గైడుతో వెళ్లాలి | తప్పనిసరి | జంతువుల కోసమైతే తప్పదు |

పూల లోయ

1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగివస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది, బయటి ప్రపంచానికి దీని పేరు అప్పటినుంచే తెలిసింది. 1939లో మొక్కలు సేకరించడానికి వచ్చి ఇక్కడే జారిపడి మరణించిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి లోయ లోపల ఉంది. లోయలో నడిచేవారిలో ఎక్కువమంది అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు.

రిషీకేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాకా బద్రీనాథ్ రోడ్డు మీద ఒక పూర్తి రోజు ప్రయాణం, అక్కడినుంచి పుల్నా దాకా జీపు, పుల్నా నుంచి ఘాంఘరియా దాకా సుమారు 10 కిలోమీటర్ల ఎక్కుడు నడక. లోయలో రాత్రి ఉండనివ్వరు, డేరా వేయనివ్వరు, కంచరగాడిదలనూ అనుమతించరు. రోజూ ఉదయం ఘాంఘరియా నుంచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. నిబంధన కఠినంగా అనిపించవచ్చు కానీ, ఇంత ఇరుకైన చోటుకు ఒక్క నెలలో ఇంతమంది వస్తున్నా మట్టి చెదరకుండా ఉందంటే దానివల్లే. ఆ మట్టి మీద పడుతున్న ఒత్తిడికి ఇంకో ముఖం కూడా ఉంది. జాతీయ పార్కు అయిన 1982 నుంచి పశువుల మేపు ఆపేశారు, ఆ తరవాత నిలువెత్తు పెరిగే ఒక కలుపు జాతి మొక్క లోయలో బాగా వ్యాపించింది, అటవీశాఖ దాన్ని పీకించవలసి వస్తోంది.

గేటు దాటి పుష్పావతి నది మీది వంతెన దాటాక, భూర్జ వృక్షాల మధ్య రాతిమెట్ల దారి ఎక్కుతుంది. ఒకప్పుడు మన దేశంలో రాతప్రతులు రాసుకున్న భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. పాత కాగితం పొరలా పలచగా తనంతట తానే విడివడి, వేలాడుతూ ఉంటుంది. దాన్ని చేత్తో లాగకూడదు. ఒక ఆగస్టు ఉదయం సన్నటి వానలో ఆ మెట్ల పక్కన రాతి సందులో నేను తొలిసారి నీలి పాపీని చూశాను. కాడ నిండా పసుపు వన్నె ముళ్లు, ముళ్ల కొసన ఒక్కో నీటి బొట్టు, వాన బరువుకు తల వంచిన నాలుగైదు పలచని నీలి రేకులు. పక్కనుంచి వెళ్లిన ముప్పై మందిలో ఇద్దరే ఆగారు, మిగిలినవాళ్లు పూల బయలు ఇంకా ఎంత దూరమో అడుగుతూ వెళ్లిపోయారు. ఈ లోయలో తివాచీలా పరుచుకున్న పూలు నిజంగానే ఉన్నాయి, కానీ అరుదైనవి ఇలా దారి పక్కన ఒంటరిగా ఉంటాయి.

బ్రహ్మకమలం విషయంలో తెలుగువారికి ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో కుండీల్లో పెంచి, రాత్రి పూసినప్పుడు ఇరుగుపొరుగును పిలిచి చూపించే తెల్లటి పువ్వు బ్రహ్మజెముడు కుటుంబానికి చెందిన విదేశీ మొక్క. హిమాలయాల్లోని బ్రహ్మకమలం వేరు, నాలుగు వేల మీటర్ల దరిదాపుల్లో రాళ్ల మధ్య పెరుగుతుంది, కాగితంలాంటి పాలిపోయిన పసుపుపచ్చ పొరల లోపల ఊదా రంగు పూలగుత్తి దాగి ఉంటుంది. దాన్ని చూడాలంటే లోయలో కాక, ఘాంఘరియా నుంచే ఇంకో దిక్కున ఉన్న హేమకుండ్ సాహిబ్ అనే సిక్కు పుణ్యక్షేత్రం దారిలో వెతకాలి. ఆ ఎక్కుడు చాలా నిటారుగా ఉంటుంది, పైన రాత్రి ఉండనివ్వరు కాబట్టి అదే రోజు దిగిరావాలి.

ఈ పార్కుతో వచ్చే అసలు చిక్కు వానలు. పూలు పూసేదీ కొండచరియలు విరిగిపడేదీ ఒకే నెలలో. బద్రీనాథ్ రోడ్డు ఒక పూట మూతపడటం అక్కడ మామూలు, కొన్నిసార్లు రెండు రోజులు కూడా పడుతుంది. అందువల్ల రిషీకేశ్ నుంచి లెక్క ఆరు రోజులే అయినా ఎనిమిది రోజులు చేతిలో పెట్టుకోండి. ఘాంఘరియాలో రెండు రాత్రులకు బదులు మూడు ఉండి లోయకు రెండుసార్లు వెళ్లగలిగితే, ఒక రోజు పొగమంచు మింగేసినా రెండో రోజు దక్కుతుంది.

గ్రేట్ హిమాలయన్ జాతీయ పార్కు

నాలుగింటిలో మనవాళ్లకు అతి తక్కువ తెలిసినదీ, మే నెల సెలవులకు అన్నిటికంటే బాగా సరిపోయేదీ ఇదే. కుల్లూ జిల్లాలో తీర్థన్, సైంజ్, జీవా, పార్వతి నదుల పుట్టుక ప్రాంతాలన్నీ ఈ పార్కు కిందికి వస్తాయి. లోపల మోటారు రోడ్డు లేదు. ఢిల్లీ నుంచి మనాలీ వైపు వెళ్లే బస్సులో ఔట్ దగ్గర దిగి, బంజార్ మీదుగా గుషైని చేరితే అక్కడ తీర్థన్ ఒడ్డున హోంస్టేలు ఉంటాయి. గుషైని నుంచి రోల్లా దాకా నది వెంట ఒక పూట నడక, సుమారు 10 కిలోమీటర్లు. రోల్లా ఎత్తు రెండు వేల మీటర్ల చిల్లరే కాబట్టి పదేళ్ల పిల్లలకూ, నడిచే అలవాటున్న అరవై ఏళ్ల పెద్దలకూ భయం లేదు. అక్కడినుంచి షిల్ట్ వైపు ఎక్కితే మూడు వేల మీటర్లు దాటుతాం, పైనున్న థాచ్‌లకూ తీర్థన్ పుట్టిన చోటుకూ వెళ్లాలంటే వారం పడుతుంది, దానికి డేరా, వంటసామాను, మోసేవాళ్లు కావాలి. అనుమతి పత్రం అటవీశాఖ కార్యాలయంలో తీసుకోవాలి, గైడులు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఒకప్పుడు పార్కులో మందులమొక్కలు ఏరుకునీ, గొర్రెలు మేపుకునీ బతికిన కుటుంబాలవి. 1999లో పార్కును లాంఛనంగా ప్రకటించాక ఆ హక్కులు పోయాయి. వారికి ఇచ్చే గైడు కూలిలో బేరమాడటం నాకు బొత్తిగా నచ్చదు.

పక్షులంటే ఇష్టమున్నవారికి ఈ పార్కుకు మించినది లేదు. ఇక్కడివాళ్లు జుజురాణా అని పిలిచే పశ్చిమ ట్రాగోపాన్ హిమాచల్ రాష్ట్ర పక్షి. దేవుడు లోకంలోని ప్రతి పక్షి నుంచీ ఒక ఈక తీసుకుని దీన్ని చేశాడని ఊళ్లో కథ చెబుతారు. కంటబడటం చాలా అరుదు, చెవినపడటానికి మాత్రం మంచి అవకాశం ఉంది. మే నెలలో తెల్లవారకముందే షిల్ట్ చుట్టుపక్కల ఓక్ చెట్ల కింద, వెదురు పొదల దగ్గర కదలకుండా కూర్చుంటే, తప్పిపోయిన మేకపిల్ల ఏడుస్తున్నట్టు ఒక సాగదీసిన అరుపు లోయ అవతలినుంచి వస్తుంది. మొనాల్ అనే ఇంకో పక్షి నెమలిలా మెరుస్తూ కాస్త సులువుగానే కనిపిస్తుంది.

ఇక్కడ మీకు పూల తివాచీ గానీ, కళ్లముందు నిలబడే ఎనిమిది వేల మీటర్ల శిఖరం గానీ దొరకవు. మొదటి రెండు రోజులు దట్టమైన అడవీ నది శబ్దమూ మాత్రమే ఉంటాయి. అది చాలనుకునేవారే దీన్ని ఎంచుకోవాలి. జులై, ఆగస్టుల్లో వెళ్లవద్దు. 2023 జులై వరదల్లో కుల్లూ జిల్లా రోడ్లు ఎలా కొట్టుకుపోయాయో దేశమంతా చూసింది.

కాంచన్‌జంగా జాతీయ పార్కు

8,586 మీటర్ల కాంచన్‌జంగా ప్రపంచంలో మూడో ఎత్తయిన శిఖరం, సిక్కిం ప్రజలకు కాపుదైవం. 1955లో తొలిసారి పైకి చేరినవారు కూడా ఇక్కడి ప్రజల నమ్మకాన్ని మన్నించి శిఖరపు కొన మీద కాలు పెట్టకుండా ఆగిపోయారు. ప్రకృతికీ సంస్కృతికీ కలిపి మిశ్రమ వారసత్వంగా యునెస్కో గుర్తించిన తొలి భారతీయ స్థలం ఇదే.

నడక యుక్సమ్‌లో మొదలవుతుంది. 1642లో సిక్కిం తొలి చోగ్యాల్‌కు, అంటే రాజుకు, పట్టాభిషేకం జరిగిన ఊరది. సాచెన్, త్షోకా మీదుగా మూడో రోజుకు సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తున్న జోంగ్రీ చేరుతారు, అక్కడ ఒక రాత్రి ఆగి దిగివస్తే ఐదు రోజుల ట్రెక్. థాన్సింగ్, సమితి సరస్సు మీదుగా గోయెచా లా (లా అంటే కనుమ) వైపు వెళ్తే ఎనిమిది నుంచి పది రోజులు. ఎంపికలో చాలామంది పెద్ద ట్రెక్ వైపే మొగ్గుతారు కానీ, హిమాలయాల్లో మొదటిసారి నడిచేవారికి జోంగ్రీ చాలు. ఏప్రిల్ చివర, మే మొదట్లో త్షోకా పైన రోడోడెండ్రాన్ చెట్లు ఎరుపు, గులాబీ, లేత పసుపు రంగుల్లో పూసి ఉంటాయి. ఆ పూల కోసం వెళ్లేవారికి గోయెచా లా దాకా వెళ్లినా అంతకంటే ఎక్కువ పూలు కనబడవు. శిఖరాల కోసమైతే దసరా తరవాతి అక్టోబరు, నవంబరు మంచివి. వానలు కడిగిన ఆకాశంలో తెల్లవారుజామున మొదటి ఎండ కాంచన్‌జంగా మీద పడటాన్ని మేఘం అడ్డు లేకుండా చూడగలిగేది అప్పుడే.

గైడు లేకుండా పార్కులోకి పంపరు. కట్టెల మంట నిషేధం, వంటకు గ్యాసో కిరసనాయిలో మోసుకెళ్లాలి. యుక్సమ్ చెక్‌పోస్టు దగ్గర మీరు లోపలికి తీసుకెళ్తున్న ప్లాస్టిక్ సామాను జాబితా రాసుకుని, తిరిగి వచ్చేటప్పుడు మీ చెత్తసంచీతో సరిచూస్తారు. బిస్కెట్ పొట్లాల కాగితాలు కూడా లెక్కలోకి వస్తాయి. బయల్దేరేముందే తినుబండారాలను పొట్లాల్లోంచి తీసి గుడ్డసంచుల్లో పోసుకుంటే ఈ లెక్క తేలికవుతుంది, జంతికలూ సున్నుండలూ ఇంటినుంచి తెచ్చుకునేవారికి అసలు చిక్కే ఉండదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మన ప్రవాస బంధువులు సిక్కింలోకి రావడానికి విడిగా అనుమతి తీసుకోవాలి కాబట్టి, అన్నదమ్ముల కుటుంబాలు కలిసి వెళ్లేటప్పుడు ఆ పని ముందే చూసుకోవాలి.

హెమిస్ జాతీయ పార్కు

1981లో ఏర్పడిన హెమిస్ మిగిలిన మూడింటికి పూర్తిగా భిన్నం. ఇక్కడ అడవి లేదు. గోధుమ, ఊదా రంగుల రాతి కొండలు, వాటి అడుగున సన్నని ఏరు, ఏటి పక్కన బార్లీ పొలాలు. పచ్చదనం కోసం వెళ్లేవారు నిరాశపడతారు. వానాకాలంలో మిగతా హిమాలయాలు జారిపడుతున్నప్పుడు వాననీడలో ఉన్న ఈ ప్రాంతం పొడిగా ఉంటుంది, కాబట్టి ఆగస్టులోనే సెలవు దొరికి, వాన అంటే పడనివారికి ఇదే సరైనది. మార్ఖా లోయ నడకలో చాలా రాత్రులు ఊళ్లలోని ఇళ్లలోనే ఉండవచ్చు. చివర దాటే కొంగ్మారు లా మాత్రం 5,200 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

విమానంలో లేహ్‌లో దిగగానే 3,500 మీటర్ల ఎత్తులో ఉంటాం. మైదానం నుంచి గంటన్నరలో అంత ఎత్తుకు చేరిన ఒంటికి కనీసం రెండు పూర్తి రోజుల విశ్రాంతి ఇవ్వాలి. ఆ రెండు రోజులను మిగుల్చుకోవాలనుకునేవారు ఈ పార్కును ఎంచుకోకపోవడమే మంచిది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లోవాళ్లు కంగారుపడకుండా ముందే చెప్పి వెళ్లండి.

మంచు చిరుత కోసం వెళ్లేవారి ప్రయాణం వేరు. 2024 జనవరిలో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలోని 718 మంచు చిరుతల్లో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. భరల్ అనే నీలి గొర్రెలు చలికాలంలో కిందికి దిగుతాయి, వాటి వెంట చిరుతా దిగుతుంది, అందుకే జనవరి నుంచి మార్చి దాకా రుంబక్ ఊరి చుట్టూ వెతుకుతారు. స్థానిక గైడు గట్టు మీద టెలిస్కోపు నిలబెట్టి ఒక్కో రాతి అంచునూ గంటల తరబడి చూస్తాడు. రాత్రి చలి సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి పోతుంది. ఒకప్పుడు దొడ్లోకి దూకి ఒకే రాత్రి గొర్రెలన్నిటినీ చంపిన చిరుతను ఊరివాళ్లు కొట్టి చంపేవారు. దొడ్ల మీద ఇనపవల కప్పడమూ, హోంస్టేల ఆదాయమూ ఆ పగను చాలావరకు తగ్గించాయి. వారం రోజులు చూసినా చిరుత కనబడకపోవచ్చని మనసులో ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి, నాలుగింటిలో ఎక్కువ ఖర్చయ్యేది ఇదే.

ఎవరికి ఏది

బడి పిల్లలతో మే నెలలో వెళ్లేవారు తీర్థన్ వైపు వెళ్లండి, రెండో ఆలోచన అక్కర్లేదు. పిల్లలు పదిహేను దాటినవాళ్లయి, రోజుకు ఆరేడు గంటలు నడవగలిగితే మే మొదట్లో జోంగ్రీ కూడా బాగుంటుంది.

అరవై దాటిన తల్లిదండ్రులకు పూల లోయ చూపించాలన్న కోరికతో చాలామంది అడుగుతుంటారు. మోకాళ్ల నొప్పులున్నవారిని ఘాంఘరియా దాకా కంచరగాడిద మీద తీసుకెళ్లవచ్చు, లోయలోకి మాత్రం వీపున బుట్ట కట్టుకుని మోసే కండీవాళ్లే దిక్కు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా బయల్దేరకూడదు. హేమకుండ్ ఎక్కుడు వారికి వద్దనే చెబుతాను.

తొమ్మిది రోజుల సెలవుతో సరిపెట్టుకోవలసిన ఉద్యోగులకు గోయెచా లా కుదరదు, రాకపోకల రోజులు కలిపితే రెండు వారాలవుతుంది. వారికి ఆగస్టు అయితే పూల లోయ, అక్టోబరు అయితే జోంగ్రీ లేదా సైంజ్ లోయ. ఒంటరిగా, తక్కువ ఖర్చుతో, ఎవరి బృందంలోనూ చేరకుండా వెళ్లాలనుకునేవారికి పూల లోయ ఒక్కటే సులువు, ఎందుకంటే దారి స్పష్టంగా ఉంటుంది, ఘాంఘరియాలో గదులు దొరుకుతాయి, గురుద్వారాలో లంగర్ (ఉచిత భోజనం) అందరికీ పెడతారు.

పూల లోయకూ హెమిస్‌కూ మధ్య ఆగస్టులో ఊగిసలాడేవారు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: వానలో తడవడం కష్టమా, పలచని గాలిలో ఊపిరి తీయడం కష్టమా? తడవడం కష్టమైతే హెమిస్, ఊపిరి కష్టమైతే పూల లోయ. పూల లోయ అనుకుంటే తిరుగు రైలు టికెట్టును రిషీకేశ్ చేరవలసిన రోజుకు కాక రెండు రోజుల తరవాతకు తీసుకోండి. రోడ్డు మూతపడకపోతే ఆ రెండు రోజుల్లో ఒకటి ఘాంఘరియాలోనే ఉండి, మొదటిసారి పొగమంచులో దాటిపోయిన రాతి సందులను మళ్లీ చూడవచ్చు.